గంగికి ఇల్లు దొరికింది

తిరుపతి,
ఆదివారం

బావా,

"కళ్లు లేని ముసలి కుక్కకు సంబంధాలు చూస్తున్నావా, జాతకాలు కూడా కలపమంటావా" అని ఫోనులో నవ్వావు కదా, నవ్వుకో. వ్యవహారం నిజంగానే జాతకాల దాకా వెళ్లింది, ఆ ముచ్చట కూడా చెబుతాను. ముందు అసలు సంగతి: గంగికి ఇల్లు దొరికింది, చిత్తూరులో. ఇక తీరిగ్గా చదువు.

కిందటేడు గంగమ్మ జాతర రోజుల్లో తాతయ్యగుంట దగ్గరి సందులో గోడను ఒరుసుకుంటూ నడుస్తుంటే ఇంటికి తెచ్చాను, అందుకే ఆ పేరు. చెవి కొస కత్తిరించి ఉంది. అంటే ఎప్పుడో ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ దాని వీధిలోనే వదిలారన్నమాట. 2023లో వచ్చిన జనన నియంత్రణ నిబంధనలు చెప్పేదీ అదే, వీధికుక్కను పట్టుకున్న చోటే తిరిగి వదలాలని. చూపున్న కుక్కకు అది మంచి పద్ధతే. దాని వీధి దానికి తెలుసు, పిడికెడు అన్నం పడే గడపలు తెలుసు. కానీ చూపు పోయి, పైగా మూర్ఛలు వచ్చే జీవాన్ని ఆ ఆటోల మధ్య వదిలి రావడానికి నాకు చేతులు రాలేదు.

వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. 1955 నుంచీ ఊళ్లోనే ఉన్న కాలేజీ అది, చదువుకునే రోజుల్లో ఒక్కసారైనా లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు మనం. డాక్టరుగారు పళ్లు చూసి పదేళ్లకు అటూ ఇటూ ఉంటుందన్నారు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం ముదిరి కళ్లను లోపల దెబ్బతీసిందట. 28 రోజుల మందు పూర్తిచేస్తే జ్వరం పోయింది, చూపు మాత్రం రాలేదు. మూర్ఛకు ఫినోబార్బిటాల్ మాత్ర ఉదయం ఏడింటికి ఒకటి, రాత్రి ఏడింటికి ఒకటి. ఆ పన్నెండు గంటల లెక్క తప్పకూడదు. బాగానే ఉంది కదా అని ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు ఇంకా గట్టిగా తిరగబెడతాయి. ఆ మాత్రతో ఆకలీ దాహమూ పెరుగుతాయి, దానితో పాటు ఒంటేలూ. రాత్రి ఒకసారి లేచి బయటికి తీసుకెళ్లే ఓపిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించి కాలేయం ఎలా ఉందో చూసుకోవాలి.

మరి నువ్వే ఉంచుకోవచ్చు కదా అంటావు. మా ఇల్లు నీకు తెలియనిది కాదు. తిరుపతిలో ఇల్లంటే సగం సత్రమే. దర్శనానికి వచ్చే చుట్టాలు ఒకరు కొండ దిగేసరికి ఇంకొకరు రైలు దిగుతుంటారు. హాలు నిండా సంచులు, పరుపులు, నీళ్ల సీసాలు, గుమ్మం నిండా చెప్పులు. కళ్లు లేని కుక్క ఇంటిని అడుగుల లెక్కతో గుర్తుపెట్టుకుంటుంది. మంచం నుంచి నీళ్ల గిన్నెకు ఇన్ని అడుగులు, అక్కడి నుంచి గుమ్మానికి ఇన్ని అని దాని బుర్రలో ఒక పటం ఉంటుంది. మధ్యలో ఎవరో పెట్టె పెడితే ఆ పటం చెడిపోతుంది. పాపం రోజూ ఏదో ఒకదానికి ముక్కు కొట్టుకునేది. దానికి తోడు ప్రసాదం! వచ్చిన ప్రతివాళ్లూ "స్వామివారిది, ఒక్క ముక్క" అంటూ లడ్డూ చూపించడమే. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కలకు విషం, మూత్రపిండాలు పాడవుతాయి. ఈ సంగతి మా పెద్దత్తకు చెబితే స్వామి ప్రసాదం విషమా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గంగిని పెంచుకునే వాళ్లు కావాలని నలుగురికీ పంపిన కబురులో మొదటి వాక్యమే "రెండు కళ్లూ కనిపించవు, మూర్ఛలు వస్తాయి, పదేళ్లు ఉంటాయి" అని రాశాను. మంచి ఫోటో పెట్టు, ఆ సంగతులు వచ్చినవాళ్లకు నెమ్మదిగా చెప్పవచ్చు అని సలహా ఇచ్చారు కొందరు. నాకది అస్సలు నచ్చదు. ముద్దుగా ఉందని తీసుకెళ్లినవాళ్లు మొదటిసారి మూర్ఛ చూసి భయపడి వారంలో తెచ్చి వదిలేస్తారు. అప్పటికి అది నేర్చుకున్న పటం పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు.

అలా రాసినా ఫోనులు బాగానే వచ్చాయి. "అయ్యో పాపం" అన్నవాళ్లే ఎక్కువ. జాలికి మన దగ్గర కరువు లేదు బావా, దొరకనిదల్లా తీరిక. నేను వెతికింది రోజూ ఏడింటికి ఇంట్లో మనిషి ఉండే కొంప.

ఇక జాతకం సంగతి. ఒకాయన పెద్ద కారులో వచ్చి గంగిని చూసి "పూర్తి నలుపేనా, ఎక్కడా తెల్లమచ్చ లేదు కదా" అని అడిగాడు. ఏమిటి కథ అంటే, శని దశ నడుస్తోంది, నల్లకుక్కకు శనివారం శనివారం పెరుగన్నం పెట్టమని సిద్ధాంతిగారు చెప్పారట. కాలభైరవుడి వాహనం కదా, ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిదని ఆయన ఆలోచన. మంచిదే. మిగతా ఆరు రోజులూ ఎవరు చూస్తారని అడిగితే పనిమనిషి ఉందన్నాడు. దశ అయిపోయాక ఏమవుతుందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బంగారుపాళ్యం వైపు మామిడితోట ఉన్నాయన ఇంకొకరు. నిజంగా మంచివాడు, ఇప్పటికే నాలుగు కుక్కలు పెంచుతున్నాడు. తోటలో హాయిగా తిరుగుతుంది, అంతకంటే ఏం కావాలి అని అందరూ నా మీద పడ్డారు. తోట చూపున్న కుక్కకు స్వర్గం. గంగికి అక్కడ ఉన్నవి గట్టు లేని బావి, అడవిపందుల కోసం వేసిన కరెంటు కంచె, గడ్డిలో పాములు, గిన్నె దగ్గర తోసేసే నాలుగు కుర్రకుక్కలు. దానికి కావలసింది విశాలమైన చోటు కాదు, రోజూ ఒకేలా ఉండే చిన్న చోటు. షెల్టరులో వేయమన్న నీ సలహాకూ ఇదే జవాబు. మంచి షెల్టరైనా సరే, అన్ని కుక్కల మధ్య అన్నం దగ్గర గుడ్డిదాని వంతు ఎప్పుడూ చివరే.

రేణిగుంట రోడ్డు అపార్టుమెంటులో ఒక జంట నాకు బాగా నచ్చారు. ఇద్దరూ ఇంటి నుంచే కంప్యూటరు మీద పనిచేస్తారు, ఓపిక ఉంది, డబ్బు ఉంది. కానీ నాలుగేళ్ల బాబు ఉన్నాడు. నిద్రపోతున్న గంగిని చప్పుడు లేకుండా వచ్చి వాటేసుకుంటే అది ఉలిక్కిపడి నోరు వేస్తుంది. అది దాని తప్పూ కాదు, పిల్లాడి తప్పూ కాదు. వాళ్లకు మరో కుక్కను, రెండేళ్లదాన్ని, నెమ్మదిగా ఉండేదాన్ని చూసిపెడతానని చెప్పాను. ఆ అమ్మాయి కాస్త చిన్నబుచ్చుకుంది.

చిత్తూరు ఆవిడ ఫోను చేసినప్పుడు పాపం అనే మాటే రాలేదు. వరుసగా ప్రశ్నలు. ఒంటేలు ఎన్నిసార్లు పోస్తుంది? మాత్ర అన్నంలో కలిపితే ఉమ్మేస్తుందా? చివరగా, కాస్త గొంతు తగ్గించి, "మూర్ఛ వచ్చినప్పుడు తాళాల గుత్తి పెట్టాలా బాబూ? పెడితే ఏ కాలి దగ్గర?" నాకు నవ్వాగలేదు, ఆవిడా నవ్వేసింది. ఇనుము పెట్టక్కర్లేదు, నోట్లో చెయ్యీ చెంచా పెట్టకూడదు, తల తగలకుండా చుట్టూ ఉన్న సామాను జరిపి, లైటు ఆపి, గడియారం చూడాలి అన్నాను. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజు రెండోసారి వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి. "ఉండు, రాసుకుంటాను" అని మొత్తం మళ్లీ చెప్పించుకుంది.

వెళ్లి ఇల్లు చూశాను. మెట్లు లేని పెంకుటిల్లు, చుట్టూ ప్రహరీ. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చక్కెర జబ్బు, ఉదయం సాయంత్రం ఇన్సులిన్. ఏడు కొట్టేసరికి ఆవిడ సూది తీసి పెడుతుంది, పక్కనే గంగి మాత్ర పెట్టుకుంటే సరి. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కిటికీ కింద కుట్టుమిషను, ఏళ్ల తరబడి అక్కడే. గంగి ఆ ఇంట్లో మొదట నేర్చుకున్నది ఆ చప్పుడే. మిషను ఎటుందో తెలిస్తే మిగతా ఇల్లంతా ఎటుందో దానికి తెలిసిపోతుంది. నేను చెప్పకుండానే ఆవిడ ఒక్కటే ఉన్న గుమ్మం దిగుడు ముందు కొబ్బరిపీచు పట్టా వేసింది, కాలికి గరుకు తగిలితే దిగుడు వచ్చిందని తెలుస్తుందట. ఇది నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్న ఉపాయం, ఆవిడకు ఇట్టే తట్టింది.

పదిహేను రోజులు ఉంచుకుని చూడండి, ఆ తర్వాతే కాగితాలు అన్నాను. మొదట్లో అన్నం ముట్టలేదు, రాత్రుళ్లు ఏడ్చింది, గోడ వెంట గిరగిరా తిరిగింది. ఇవన్నీ మామూలే. మూడు రోజులు బెదురు, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదని నమ్మకం అంటారు ఈ పనిలో ఉన్నవాళ్లు. ముసలికుక్కకు ఇంకొంచెం ఎక్కువే పడుతుందని నా అనుభవం.

పదో రోజో ఏమో మూర్ఛ వచ్చింది. ఫోను అంతా అయిపోయాక వచ్చింది చూడు, అదీ సంగతి. "రెండు నిమిషాల పది సెకన్లు. లేచి కాసేపు పిచ్చిచూపులు చూసింది, తర్వాత ఆకలి ఆకలి అన్నట్టు తిరిగితే పెరుగన్నం పెట్టాను. రాత్రి మాత్ర మామూలుగానే వేయాలా?" ఆ గొంతులో కంగారు లేదు. మామూలుగానే వేయమన్నాను. మిగిలిన రోజులు పూర్తయ్యేదాకా ఆగడం ఇక మాటవరసకే.

కాగితం మీద నా షరతు ఒక్కటే: ఎప్పుడు వీలుకాకపోయినా కుక్క నా దగ్గరికే తిరిగి రావాలి, వేరే ఎవరికీ ఇవ్వకూడదు. కండక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుని టిక్కెట్ల లెక్క చూసినట్టు ఒక్కో వాక్యం చదివి, "మాలో ఒకరికి ఏమైనా జరిగితే అనే మాట లేదే" అన్నారు. ఆ వాక్యం ఆయనే చెప్పి రాయించి, బెంగళూరు నుంచి వచ్చిన కూతురి చేత సాక్షి సంతకం పెట్టించారు. ఆ వయసు వాళ్లకు కుక్కనిస్తావా అని నన్ను దెప్పినవాళ్లున్నారు. ఇరవై ఐదేళ్ల కుర్రాడెవడూ ఆ వాక్యం అడగలేదు మరి.

రక్తపరీక్ష ఖర్చు నాది, మిగతాది వాళ్లది. వచ్చే నెలలో పరీక్ష ఉంది, తిరుపతికి తీసుకురావాలి. నువ్వెలాగూ దర్శనానికి కారులో వస్తానన్నావు కాబట్టి చిత్తూరు మీదుగా రా, వాళ్లను ఎక్కించుకుని వద్దువు గాని. పొద్దున్నే బయలుదేరండి, దాని కడుపు ఖాళీగా ఉంటే వాంతి ఉండదు. మాత్ర మాత్రం ఏడింటికే పడాలి, ఆవిడ చూసుకుంటుంది. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలువు, వెనక సీటు మీద పాత దుప్పటి పరుచు. ఏ తారీకో చెబితే డాక్టరుగారి దగ్గర చీటీ రాయించి పెడతాను.

ఇట్లు,
నీ బావ