పిడికెడు బియ్యం

ప్రియ మిత్రమా,

వందనాలు. నీ ఉత్తరం చేరి పది రోజులైంది. తీరిక దొరకక జవాబు ఆలస్యం చేశాననుకోవద్దు. నీవు అడిగిన విషయాన్ని కొన్నాళ్ళు మనసులో పెట్టుకొని ఆలోచించాలనిపించింది. మీ సంఘంలో నిన్ను పెద్దగా ఎన్నుకొని బీదల సహాయ నిధిని నీ చేతికి అప్పగించారనీ, ఈ క్రిస్మసుకు బియ్యం సంచులూ దుప్పట్లూ పంచాలని కమిటీ తీర్మానించిందనీ, వేదిక, ఫ్లెక్సీ, ఫోటోగ్రాఫరు ఏర్పాట్లు చూడమంటే నీకు మనసొప్పడం లేదనీ రాశావు. ఆరాధనకు క్రమంగా వచ్చేవారికే కూపన్లు ఇవ్వాలని కొందరు పట్టుబడుతున్నారని కూడా రాశావు. "ఇచ్చేది మంచి పనే కదా, మరి నాకెందుకు ఇంత ఇబ్బందిగా ఉంది?" అన్న నీ మాట చదివినప్పుడు నాకు మా అమ్మ కుండ గుర్తుకొచ్చింది. కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

మా ఇంట్లో పొయ్యి పక్కన గూటిలో ఉండే ఆ చిన్న మట్టికుండను నీవూ చూశావు. రోజూ రెండు పూటలా అమ్మ ఎసరు పెట్టేముందు బియ్యం కొలిచి చేటలో పోసుకొని, అందులోనుంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. నెలకొకసారి స్త్రీల సమాజం కూడినప్పుడు ప్రతి ఇంటినుంచీ అలా చేరిన బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి గుడికి తీసుకువెళ్ళేవారు. మన తెలుగు సంఘాలలో ఎన్నో చోట్ల తరతరాలుగా ఉన్న ఆచారమే ఇది, కొత్తగా చెప్పడానికేమీ లేదు. అయితే అమ్మకు ఒక నియమం ఉండేది, దాన్ని నేను పెద్దవాడినయ్యాక గాని గమనించలేదు. ఆ పిడికెడు బియ్యాన్ని ఆమె కడగకముందే, ఆ పూట ఇంట్లో ఎంతమంది తింటారో లెక్క చూసుకోకముందే తీసేది. నాన్నకు కూలి దొరకని వారాల్లో మా అన్నం పలచబడేది గాని ఆ పిడికిలి చిన్నదయ్యేది కాదు. ఒకసారి నేను ఆకలితో కోపగించి "మనకే లేనప్పుడు ఎందుకమ్మా?" అని అడిగితే, "మిగిలింది పెడితే అది మెతుకులు దులపడంరా, ముందు తీస్తేనే అది దేవునిది" అన్నది. సంపాదనలో పదో వంతు దేవునికి ఇవ్వాలన్న దశమ భాగం మీద ఆ తరువాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఆ జవాబుకు మించినది నాకు దొరకలేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన నీకూ జ్ఞాపకమే. దివిసీమ వైపు జరిగిన నాశనం మన ఊరికి రాలేదు గాని, ఆ తరువాతి రోజుల్లో చెప్పులు లేకుండా, తడి బట్టలతో, ఎవరి పిల్లలో తెలియని పిల్లలను చంకనేసుకొని మనుషులు మన రోడ్డు మీదుగా నడిచి వచ్చారు. ప్రభుత్వ సహాయం అందేలోగా, గుడి వరండాలో మూడు రాళ్ళు పెట్టి స్త్రీల సమాజంవారు గంజి కాచారు. ఆ గంజిలో పడిన బియ్యమంతా నెల పొడుగునా పిడికెడు పిడికెడుగా చేరినదే. వచ్చినవాళ్ళు ఏ కులమో, ఏ దేవునికి మొక్కుతారో ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్లు లేదు. ఇత్తడి గరిటె పట్టుకొని నిలబడ్డ అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. కానుకలు ఇచ్చే మనిషి ముఖంలా లేదు అది, ఇంటికి వచ్చిన చుట్టాలకు వడ్డిస్తున్నట్లే ఉంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే నీవు ఈనాడు నిలబడిన చోట నేను ఇరవై ఏళ్ళ క్రితం నిలబడి పొరపాటు చేశాను. మా సంఘంలో విధవరాళ్ళకు క్రిస్మసు చీరలు పంచే పని నాకు అప్పగించారు. నేను బజారుకు వెళ్ళి, ధర కలిసొస్తుందని ఒకే రంగు, ఒకే అంచు ఉన్న చీరలు నలభై తెచ్చాను. వేదిక మీదికి ఒక్కొక్కరి పేరు పిలిచి, పెద్దల చేతులమీదుగా ఇప్పించి, ఫోటోలు తీయించాను. అందరూ బాగా జరిగిందన్నారు, నేనూ సంతోషించాను. మర్నాడు ఒక ముసలమ్మ గుడికి పాత చీరలోనే వచ్చింది. కొత్త చీర కట్టుకోలేదేమమ్మా అని అడిగితే ఆమె నెమ్మదిగా, "అది కట్టుకుంటే ఎవరిచ్చారో ఊరంతటికీ తెలిసిపోతుంది కదా నాయనా, పెట్టెలో దాచుకున్నాను" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. అందువల్లనే నాకు ఇంకా బాధ కలిగింది. నేను ఇచ్చిన నలభై చీరలు నలభై మంది బీదవాళ్ళను వీధిలో గుర్తుపట్టడానికి వేసిన ముద్రలయ్యాయని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి అమ్మతో చెప్పుకొని బాధపడితే, ఆమె బైబిలు తీసి రూతు గ్రంథం రెండవ అధ్యాయం చదవమంది. చిన్నప్పటినుంచీ తెలిసిన కథే. రూతు పరాయి దేశపు విధవరాలు, అత్తను పోషించుకోవడానికి బోయజు పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చింది. మన డెల్టాలో పుట్టిన మనకు పరిగె అంటే విడమరచి చెప్పనక్కరలేదు. కోత కోసి పనలు ఎత్తాక చేలో రాలిన వెన్నుల కోసం వంగి నడిచే ఆడవాళ్ళను మనం చూస్తూనే పెరిగాం. బోయజు తలచుకొంటే ఆమెను పిలిచి ఒక బస్తా ఇచ్చి పంపగలడు. ఆ రోజు అతడు ఆ పని చేయలేదు. తన పనివాళ్ళను పిలిచి, ఆమె ఏరుకొనేలా కావాలనే పిడికెళ్ళు పడవేసి వదిలిపెట్టమనీ, ఆమెను గద్దించవద్దనీ చెప్పాడు. సాయంత్రానికి ఆమె ఏరినది దుళ్ళగొట్టుకొంటే తూమెడు యవలయ్యాయి. తలమీద ఆ మూట పెట్టుకొని ఇంటికి నడిచినప్పుడు ఆమె కష్టం చేసి సంపాదించుకొన్న మనిషిగా నడిచింది. ఎవరో జాలిపడి ఇచ్చారన్న బరువు ఆ మూటలో లేదు. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" అని ప్రభువు చెప్పిన మాటను నేను అంతవరకు ఇచ్చేవాడి గర్వాన్ని అణచడానికి చెప్పినదనే అనుకొన్నాను. అది పుచ్చుకొనేవాడి ముఖాన్ని కాపాడడానికి కూడా చెప్పినదని ఆ రాత్రి అర్థమైంది.

మరుసటి ఏడు బట్టల కొట్టు యజమానితో మాట్లాడి ముందుగా డబ్బు కట్టాం. ఎవరెవరు వస్తారో అతనికి ఒక చీటీ మీద రాసిచ్చాం. వాళ్ళు తమకు వీలైన రోజున, అందరిలాగే కొట్టుకు వెళ్ళి, నాలుగు చీరలు విప్పించి చూసి, నచ్చిన రంగు ఎంచుకొన్నారు. ఆ ముసలమ్మ వంకాయరంగు చీరలో వచ్చి రెండో వరుసలో కూర్చున్నది. ఆనాటి ప్రసంగం నాకు జ్ఞాపకం లేదు గాని ఆ చీర జ్ఞాపకం ఉంది.

ఇక కూపన్ల సంగతి. ఈ విషయంలో మాత్రం నీవు గట్టిగా నిలబడాలని కోరుతున్నాను, దీనికి మన నేలమీదే ఒక గొప్ప నిదర్శనం ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనులో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొర పేరు మనమంతా విన్నదే. ఆయన యౌవనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో, అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలమందికి అక్కడ పని కల్పించి కూలి ఇప్పించాడు. బోయజు పడవేయించిన పిడికెళ్ళ వంటివే ఆ కూలి డబ్బులు. అయితే నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తరువాతి సంగతి. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు చాలామంది ఉన్నా, అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదనీ, ఆకలి మనిషి చేత ఏ మాటైనా పలికిస్తుందనీ తలచి, పదిహేను నెలలపాటు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయపు పనులు ముగిశాకనే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సభల్లో అందరూ ఆ 2,222 అనే అంకెనే చెప్పుకొంటారు. నాకు మాత్రం అంతకంటే ఆ పదిహేను నెలలు గొప్పవనిపిస్తాయి. అన్నం పెట్టే చేతిలో అధికారం ఎంత ఉందో తెలిసి, ఆ అధికారాన్ని వాడుకోకుండా చేతిని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆలోచించు. మీ కమిటీలో ఈ సంగతి ఒకసారి చెప్పి చూడు. ఆరాధన హాజరుకూ బియ్యం సంచికీ ముడివేస్తే మనం ఆరాధనకూ అన్నానికీ రెండింటికీ అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

ఇంకొక మాట రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను, అది ఇంటి సంగతి. మనమిద్దరం చిన్నప్పుడు హోటలు బయట నిలబడి, మనకోసం వేరుగా చూరులో పెట్టిన గ్లాసును మనమే కడుక్కొని టీ తాగిన పిల్లలం. ఆ గ్లాసు స్పర్శ నా వేళ్ళకు ఇంకా గుర్తుంది. అటువంటిది, మొన్న ఒక విశ్వాసి ఇంట్లో గంటసేపు కన్నీళ్ళతో ప్రార్థన జరిగాక, ఆ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి పగిలిన అంచు కప్పులో, అదీ గుమ్మం బయట, టీ ఇవ్వడం చూశాను. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ కప్పును వాళ్ళు గమనించనే లేదు. గమనించకపోవడమే నన్ను భయపెట్టింది. ఆకలిగొన్నవానికి ఏమీ ఇవ్వక "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపితే ఏమి ప్రయోజనమని బైబిలులోని తన పత్రికలో యాకోబు అడిగాడు. ఆ ప్రశ్న గుడి వేదికకు ఎంత వర్తిస్తుందో మన వంటింటి గుమ్మానికీ అంతే వర్తిస్తుంది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఉదయపు కుటుంబ ప్రార్థన సమయానికి పాలమ్మాయి వస్తే, పాట మధ్యలోనైనా లేచి పాలు పోయించుకొని డబ్బు ఇచ్చి పంపేది. "ఆ పిల్ల ఇంకా పది ఇళ్ళు తిరగాలి, దేవుడు ఆగగలడు" అనేది.

అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి డ్యూటీలో ఒక నర్సు ఉండేది. డిసెంబరు చలి. తెల్లవారుజామున నాలుగింటికి నాడి చూడడానికి వచ్చినప్పుడల్లా, ఆమె తలుపు దగ్గర నిలబడి రెండు అరచేతులూ బాగా రుద్దుకొని, వెచ్చబడ్డాక గాని అమ్మ చేయి పట్టుకొనేది కాదు. అమ్మకు అప్పటికి పూర్తిగా తెలివి లేదు, చల్లని చేయి తగిలినా ఫిర్యాదు చేసే స్థితి కాదు. నేను మేలుకొని ఉన్నానని ఆ నర్సుకు తెలియదు. చేతులు రుద్దుకొంటున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతుండేవి. మూడో రాత్రి చెవి రిక్కించి వింటే, మనం ఆదివారం బడిలో నేర్చుకొన్న కీర్తన అది. ఆమె భక్తి ఎంతో నాకు తెలియదు గాని, ఆ రెండు అరచేతుల మధ్య ఉన్న వెచ్చదనమే అదనుకొని నేను ఇన్నేళ్ళుగా కృతజ్ఞత చెప్పుకొంటున్నాను.

ఇప్పుడు నీ పని గురించి. ఫ్లెక్సీ వద్దని చెప్పడానికి నీకు ధైర్యం చాలకపోతే, ముందు ఫోటోలు మాత్రం ఆపించు. సంచులు వేదిక మీద కాక, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చీకటి పడ్డాక ఇళ్ళకు చేర్చేలా చూడు. ఎవరింట్లో ఏమి లోటో మీ పాస్టరమ్మగారికి మీ కమిటీకంటే బాగా తెలిసి ఉంటుంది, జాబితా ఆమెను అడుగు. కరెంటు బిల్లు కట్టలేని ఇంటికి బియ్యం సంచి ఇస్తే వాళ్ళు దాన్ని సగం ధరకు అమ్ముకొంటారు, వాళ్ళను తప్పుపట్టకు. మందుల కొట్టులో ఖాతా తీర్చడం, పిల్లవాడి పరీక్ష ఫీజు కట్టడం వంటివి ఫోటోలో పడవు గాని నిధిని వాటికి వాడవచ్చు.

మా సంఘంలో కోత పండుగ సంక్రాంతి దాటాక పెట్టుకొన్నాం. మొదటి పనలూ, గుమ్మడికాయలూ, కోళ్ళూ, కొబ్బరి గెలలూ ఎప్పటిలాగే గుడికి వస్తాయి, వేలం పాట కూడా ఉంటుంది. నీవు తప్పక రావాలి, చెల్లెమ్మనూ పిల్లలనూ తీసుకురా. రేపల్లె స్టేషనులో దిగగానే ఫోను చేస్తే నేనే వస్తాను. అమ్మ కుండ పోయిన ఏడు అంచు చిట్లింది, అయినా మీ వదిన దాన్ని మార్చడానికి ఒప్పుకోలేదు. గుడ్డ చుట్టి అదే గూటిలో పెట్టుకొన్నది. ఈ నెల బియ్యం ఇంకా గుడికి పంపలేదు, నీవు వచ్చేనాటికి నిండుతుంది.

ప్రేమతో,
నీ చిన్ననాటి నేస్తం