ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాగకండి

ఎడిటర్ గారికి,

పండగలకు బెంగళూరు నుంచి అనంతపురం, చిత్తూరు వైపు మన తెలుగువాళ్ల కార్లు బారులు తీరతాయి. పండగ వెళ్లిన తర్వాత మా షెడ్డుకు గేర్‌బాక్స్ పోయిన బండ్లు వస్తుంటాయి. బాధేమిటంటే, వాటిలో కొన్ని దారిలో ఆగిపోయినప్పుడు గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉంది. ఫ్యూయల్ పంపో, ఆల్టర్నేటరో పోయి బండి ఆగితే, సాయం చేయబోయి ఎవరో తాడు కట్టి, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి ఊరిదాకా లాక్కొచ్చారు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. లాగుతున్నంతసేపూ చక్రాలు మాత్రం లోపలి షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి, ఆయిల్ అందకుండా. ‘న్యూట్రల్‌లోనే పెట్టాం కదన్నా’ అంటారు. న్యూట్రల్ చక్రాలను గేర్‌బాక్సు నుంచి విడదీయదు. గేర్‌బాక్సు కింద ఆయిల్ నిలిచే పాన్ విప్పితే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ డికాక్షన్‌లా నల్లగా, మాడు వాసన కొడుతూ కారుతుంది. అడుగున ఉండే అయస్కాంతానికి ఇనుప పొడి ముద్దగా అంటుకుని ఉంటుంది. అది చూశాక ఖర్చు ఎంతవుతుందో ఓనర్‌కు చెప్పాలంటే నోరు రాదు.

అమెరికాలో మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనక జీపును నాలుగు చక్రాల మీదే లాక్కెళ్తున్నారు కదా, మనకేంటి అని కుర్రాళ్లు అడుగుతున్నారు. జీప్ రాంగ్లర్‌లో ట్రాన్స్‌ఫర్ కేసును (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో పెట్టే ఏర్పాటు ఉంది. అప్పుడు చక్రాలు తిరిగినా ఆ తిరుగుడు గేర్‌బాక్స్ దాకా పోదు. అలా లాగొచ్చని కంపెనీయే మాన్యువల్‌లో రాసి ఇస్తుంది. పైగా వాళ్లు కట్టేది తాడు కాదు, ఇనుప టో బార్. దానికి తోడు సేఫ్టీ చైన్లు, వెనక కారుకు విడిగా బ్రేకు, లైట్లకు వైరింగ్ ఉంటాయి.

మన దగ్గర తాడుతో లాగితే ముందు బండి బ్రేకు వేసినప్పుడు వెనకాయన గతేంటి? ఇంజిన్ ఆగి ఉంటే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే బండ్ల మధ్య 5 మీటర్లకు మించి ఎడం ఉండకూడదని, తాడు అందరికీ కనబడాలని, వెనక ‘ఆన్ టో’ అని రాసి ఉండాలని చెప్పారు. హోసూరు రోడ్డు మీద ఆ బోర్డు నేనైతే చూడలేదు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే) ఆటోమేటిక్ అయితే కనీసం ముందు చక్రాలు పైకెత్తాలి. ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనూ తిప్పే), ఎలక్ట్రిక్ బండ్లకు కారు మొత్తాన్ని పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీయే దిక్కు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో మోటారు ఎప్పుడూ చక్రాలకు కలిసే ఉంటుంది, లాగితే జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది.

హైవే హెల్ప్‌లైన్ 1033లో ఫోన్ ఎత్తేవాళ్లు ముందుగా ‘బండి ఆటోమేటిక్కా, ఎలక్ట్రిక్కా?’ అని అడిగి, దానికి తగ్గ వాహనాన్ని పంపేలా అధికారులు చూడాలి. షోరూమ్‌లో కొత్త కారు తాళాలు ఇచ్చేటప్పుడు మాన్యువల్‌లో టోయింగ్ పేజీ తెరిచి చూపించాలి, లాగడానికి తగిలించే టో హుక్ ఎక్కడుందో కూడా.

— ఒక గేర్‌బాక్స్ మెకానిక్,
కె.ఆర్.పురం, బెంగళూరు