షాఖ్ట్ నిర్దోషేనా?

చి. సింధుకు,

నాన్న ఆశీస్సులు. హిట్లర్ కాలంలో జర్మనీ కేంద్ర బ్యాంకును నడిపిన హ్యాల్మర్ షాఖ్ట్‌ని, యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టే వదిలేసింది కదా, ఇంకా ఈ గొడవేంటని అడిగావు. నాకైతే గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆయన తెలివిని తక్కువ చెయ్యను. 1923 నవంబరులో జర్మనీ కరెన్సీ కమిషనర్ అయ్యాడు, ఆ నెలలోనే డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక్క రెంటెన్‌మార్క్ అనే కొత్త నోటు. ఆ ఆలోచన ఆయనొక్కడిదే కాదు గానీ, ఎవరెంత అడిగినా అప్పులివ్వకుండా కొత్త నోటును నిలబెట్టిన మొండితనం మాత్రం ఆయనదే.

1932లో హిట్లర్‌ని ఛాన్సలర్ చెయ్యమన్న విజ్ఞప్తి మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడు కేంద్ర బ్యాంకైన రైక్స్‌బ్యాంక్‌కు మళ్లీ అధ్యక్షుడయ్యాడు. ఇక మెఫో బిల్లులు. బ్యాంకులో బిల్లులు డిస్కౌంట్ చేసి, అంటే గడువుకు రావాల్సిన డబ్బును కొంత కోసుకుని ముందే ఇచ్చి, రిటైరైన మనిషిని, ఇక్కడ కాస్త ఆగకపోతే నా మనసొప్పదు. పది లక్షల మార్కుల మూలధనంతో మెఫో అనే కంపెనీ పెట్టారు. అది ఏదీ తయారు చెయ్యదు, ఏదీ అమ్మదు. ఆయుధాల ఫ్యాక్టరీలు దాని పేర బిల్లులు రాస్తే, రైక్స్‌బ్యాంక్ వాటిని తీసుకుని డబ్బిస్తుంది. గడువొస్తే పొడిగిస్తుంది. 1938కల్లా ఇవి 1200 కోట్ల మార్కులకు చేరాయి. బడ్జెట్‌లో మాత్రం ఆ అప్పు ఎక్కడా కనపడదు! అలాంటి బిల్లు పట్టుకొస్తే మా మేనేజరు గుమ్మం కూడా దాటనిచ్చేవాడు కాదు.

ఆయుధాలు పోగేయడం దానికదే నేరం కాదు, దురాక్రమణ యుద్ధానికేనని తెలిసి చేశాడని రుజువు కాలేదు అంది కోర్టు. సోవియట్ న్యాయమూర్తి ఒప్పుకోలేదు. కోర్టు ముందున్న ప్రశ్న వరకు ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ అంత లెక్క తెలిసినవాడికి అన్ని ఫిరంగులు ఎందుకో తెలియలేదంటే నేను నమ్మను.

ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్ల దగ్గరా సరుకు లేకపోలేదు. యూదుల మీద రౌడీయిజాన్ని 1935లో కోనిగ్స్‌బర్గ్‌లో బహిరంగంగానే తప్పుబట్టాడు. అయితే చట్టం పేరుతో వాళ్లను పక్కకు నెట్టడానికి ఆయనకు పేచీ లేదు. 1944లో హిట్లర్‌పై హత్యాయత్నం తర్వాత అరెస్టయి దాఖావ్‌తో సహా నాజీల నిర్బంధ క్యాంపుల్లో ఉన్నాడు, నిజమే. కానీ 1939లో రైక్స్‌బ్యాంక్ పదవి పోయాక కూడా 1943 దాకా శాఖ లేని మంత్రిగా కొనసాగాడు.

ఆ బ్యాంకు పదవి పోగొట్టిన, హిట్లర్‌కు పంపిన 1939 జనవరి మెమో దొరికితే చదువు. సర్కారు అడ్డూ అదుపూ లేని ఖర్చుతో మార్కు విలువ పడిపోతుందన్నదే అందులో గోల. మీ ప్రొఫెసరు ఆయన పక్షమైతే ఏం వాదిస్తారో తప్పకుండా రాయి.

మీ నాన్న