షికాగోలో ఉంటున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అల్లుడుగారూ నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆదివారం ఫోన్‌లో నువ్వన్న మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. "ఇక్కడ ఎవరి మానాన వాళ్లుంటారు నాన్నా, పక్కింటాయన పేరు కూడా నాకు తెలియదు, అదే నాకు హాయి" అన్నావు. ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నువ్వు ఇంటర్ చదివే రోజుల్లో దారిలో సైకిల్ దిగి ఎవరితో మాట్లాడావో నువ్వు ఇల్లు చేరకముందే మనకు కబురు అందేది. పెళ్లయి ఏడాది తిరగకుండానే "విశేషం ఏమైనా ఉందా" అని మీ అమ్మను అడగని మనిషి లేదు. నీ జీతం ఎంత, నువ్వు వేసుకునే బట్టలేమిటి, అన్నీ పదిమందికీ కావాలి. ఆ కళ్లు లేని చోటికి వెళ్లి ఆడపిల్ల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటే తప్పుపట్టే తండ్రిని కాను. "పాశ్చాత్యులకు కుటుంబం లేదు, విలువలు లేవు" అని మనవాళ్లు మైకు పట్టుకుని చెప్పే మాటలు నాకు ఎన్నడూ నచ్చలేదు. ఇది అలాంటి ఉత్తరం కాదు.

అయితే నువ్వున్న నగరంలో జరిగిన ఒక సంగతి నీకు తెలియాలి. 1995 జూలై నాటిది. అప్పటికి నువ్వు ఇంట్లో పాకుతున్నావు.

ఆ నెల 13న షికాగోలో ఎండ 106 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరింది. మన లెక్కలో 41. మే నెలలో కనిగిరిలో 41 అంటే ఎవరికీ వార్త కాదు. కానీ అక్కడ గాలిలో తేమ ఎక్కువ, రాత్రి కూడా ఇటుక గోడలు చల్లారలేదు. ఆ కొద్ది రోజుల్లో మామూలుగా చనిపోయేవాళ్ల కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. శవాలు పెట్టడానికి చోటు చాలక శవపరీక్షల కార్యాలయం బయట మాంసం రవాణా చేసే శీతల లారీలను వరసగా నిలబెట్టారు. మేయర్ రిచర్డ్ డేలీ మొదట ఆ లెక్కనే ఒప్పుకోలేదు.

షికాగోలోనే పుట్టిన ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త కొన్నేళ్లు తిరిగి, ఆ చావుల వెనక ఏం జరిగిందో ఆరా తీసి 2002లో పుస్తకంగా వేశాడు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఒంటరిగా ఉంటున్నవాళ్లు. దొంగల భయంతో కిటికీలు బిగించుకుని, తలుపు గడియ వేసుకుని, లోపలే ఉడికిపోయారు. కొందరి సంగతి వాసన వస్తే తప్ప బయటపడలేదు. బంధువులెవరూ రాక మిగిలిపోయిన శవాల్లో మగవాళ్లవే ఎక్కువ. వాళ్ల గదుల్లో దొరికిన ఉత్తరాలు, ఫొటోలు కౌంటీ (అక్కడి జిల్లా) అధికారుల దగ్గర పెట్టెల్లో ఉండిపోయాయి. ఎవరూ అడగని 41 మందిని ఆగస్టులో నగర శివార్లలో ఒకే పొడవాటి గోతిలో పూడ్చారు.

దీన్ని నేను మామూలు పాఠకుడిలా చదవలేకపోయాను. 2015 మే నెలలో నేను చేసిన పని నీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా చనిపోయారు. అందులో మన ప్రకాశం జిల్లావాళ్లు చాలామంది. వడదెబ్బ మరణమని తేలితేనే పరిహారం వస్తుంది కాబట్టి తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురం వెళ్లి నిర్ధారించాలి. ఒక ఊరి బయట వేపచెట్టు కింద గొర్రెల కాపరి శవం. పక్కన రబ్బరు చెప్పులు, ఖాళీ నీళ్ల సీసా. చుట్టూ నలభై యాభై మంది. నేను కాగితం తీసేలోపే పేరు, తండ్రి పేరు, ఎన్ని జీవాలు, రాత్రి ఏం తిన్నాడు, పొద్దున చద్దన్నం మూట తీసుకుని ఎన్ని గంటలకు బయలుదేరాడు, అన్నీ ఒకరి మాట మీద ఒకరు చెప్పేశారు. మనవాళ్లను పేదరికం చంపింది. పని మానితే పూట గడవని బతుకు చంపింది. ఇందులో మనం గర్వపడవలసింది ఏమీ లేదు. కానీ ఆ మనిషి చనిపోయాడని లోకానికి తెలియడానికి వాసన రావలసిన అవసరం పడలేదు. షికాగోలో ఆ పెద్దవాళ్లకు తలదాచుకునే గది ఉంది, చాలామందికి పింఛనూ ఉంది. లేనిదల్లా "ఎలా ఉన్నావు, రా, కాసేపు చల్లటి చోట కూర్చుందాం" అనే మనిషి.

ఇక్కడే నువ్వు తొందరపడి "అదీ పాశ్చాత్యుల స్వార్థం" అనుకోవద్దు. ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పక్కపక్కనే ఉన్న రెండు పేటల పోలిక. ఒకటి నార్త్ లాన్‌డేల్, రెండోది లిటిల్ విలేజ్. రెండూ బీదవే. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు రెండింట్లోనూ ఉన్నారు. కాసిన ఎండా ఒకటే. అయినా నార్త్ లాన్‌డేల్‌లో జనాభా లెక్కన పోయినవాళ్లు లిటిల్ విలేజ్ కంటే దాదాపు పది రెట్లు. లిటిల్ విలేజ్ నిండా మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు. ఇరవయ్యారో వీధిలో పొద్దస్తమానం దుకాణాలు, తోపుడుబండ్లు, పిల్లలు, చర్చికి వెళ్లివచ్చేవాళ్లు. ఇంట్లో ఉక్కపోస్తే ముసలమ్మ వీధిలోకి వచ్చి ఏదో ఒక చల్లటి దుకాణంలో నిలబడగలదు. నార్త్ లాన్‌డేల్ ఒకప్పుడు ఇంతకంటే కళకళలాడిన చోటు. దగ్గర్లో ట్రాక్టర్ల కర్మాగారం ఉండేది, సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ ప్రధాన కార్యాలయం ఉండేది. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి కాపురమున్నదీ ఆ పేటలోనే. తర్వాత పనులు పోయాయి, కింగ్ హత్య తర్వాతి అల్లర్లలో దుకాణాలు తగలబడ్డాయి, జనం తరలిపోయారు. ఖాళీ జాగాలు, మత్తుమందుల బేరాలు మిగిలాయి. ముసలివాళ్లు భయపడి లోపలే ఉండిపోయారు. ఆ పేటవాళ్లు మనసులేని మనుషులని ఎవరనగలరు? వీధి చచ్చిపోయింది, దానివెనకే మనుషులు పోయారు.

మనిషి తనలోకి తాను ముడుచుకుపోవడం మొదట జరుగుతుందా, నలుగురు కలిసే చోట్లు పోవడం మొదట జరుగుతుందా అని నేను చాలా ఆలోచించాను. చోట్లు పోవడమే ముందు అని నా నమ్మకం. ఎందుకంటే అమెరికా మొదటి నుంచీ ఇలా లేదు. 1831లో ఫ్రాన్సు నుంచి జైళ్లు చూడడానికి వచ్చిన తోక్విల్ అనే పాతికేళ్ల యువకుడు, ఈ దేశంలో ప్రతి చిన్న పనికీ జనం సంఘం పెట్టుకుంటారని ఆశ్చర్యపోతూ రాశాడు. బడి కావాలన్నా, వైద్యశాల కావాలన్నా, తాగుడు మాన్పించాలన్నా ప్రభుత్వం కోసం చూడకుండా వాళ్లే కూడేవారు. ప్రజాస్వామ్యంలో ఒక్కొక్క మనిషీ తన గుండెలోనే తాను ఒంటరిగా బందీ అయిపోయే ప్రమాదం ఉందని హెచ్చరించి, దానికి విరుగుడు ఇలా కూడే అలవాటేనని కూడా చెప్పాడు.

ఆ అలవాటు నిలిచిందా? రాబర్ట్ పట్నమ్ అనే ఆచార్యుడు 1995లో ఒక చిన్న ఉదాహరణ చూపించాడు. 1980 నుంచి 1993 లోపల అమెరికాలో బౌలింగ్ (బరువైన బంతి దొర్లించి కొయ్యముక్కలు పడగొట్టే ఆట) ఆడేవాళ్లు 10 శాతం పెరిగారు, జట్టు కట్టి పోటీలు ఆడడం మాత్రం 40 శాతం తగ్గింది. ఆట ఉంది, ఆట అయ్యాక కూర్చుని కబుర్లు చెప్పుకునే నలుగురు లేరు. తల్లిదండ్రుల సంఘాలు, కార్మిక సంఘాలు, చర్చిలు, అన్నింటిదీ అదే దారి. 1940లో నూటికి ఎనిమిది ఇళ్లలో మాత్రమే ఒక్క మనిషి కాపురం ఉండేవాడు. 2020 జనాభా లెక్కల్లో అది 27.6 శాతం. ఒంటరిగా ఉండడమే ఒంటరితనమని నేననను. హాయిగా ఉండేవాళ్లు ఎంతోమంది ఉంటారు. కానీ 2023లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యుడు, కన్నడ కుటుంబానికి చెందిన వివేక్ మూర్తి, దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మంది ఒంటరితనం అనుభవిస్తున్నారని ప్రకటించి, దాన్ని ప్రజారోగ్య సమస్యగా చూడమన్నాడు. అంతకు ఐదేళ్ల ముందే బ్రిటన్ ప్రభుత్వం ఒంటరితనం బాధ్యతను ఒక మంత్రికి అప్పగించింది. ఫ్రాన్సు సంగతి చూడు. 2003 ఆగస్టు ఎండలకు దాదాపు 15 వేల మంది పోయారు. కుటుంబాలు సెలవులకు వెళ్లిన నెల అది. ఎవరూ రాని శవాలను పారిస్ పక్కన పూడ్చిననాడు దేశాధ్యక్షుడు షిరాక్ స్వయంగా వెళ్లి నిలబడవలసివచ్చింది.

ఇక అద్దం ముందు నుంచి కదలని ఈ కాలపు మనిషి సంగతి. ప్రతి పూటా తన ఫొటో తానే తీసుకుని పదిమందికీ పంపేవాళ్లను చూసి అహంకారమంటారు. నాకలా అనిపించదు. క్రిస్టఫర్ లాష్ అనే అమెరికా చరిత్రకారుడు 1979లోనే, ఈ ఫోన్లేవీ పుట్టకముందే, ఒక మాట చెప్పాడు. ఎప్పుడూ తన గురించే ఆలోచించే మనిషి తనను తాను ప్రేమించుకుంటున్నవాడు కాదట. లోపల వెలితిగా ఉండి, ఇతరుల మెప్పులో తప్ప తానున్నానని నమ్మలేనివాడట. నాకు ఇది అక్షరాలా నిజమనిపిస్తుంది. నీ చేతి సాయం కోసం ఎదురుచూసే మనిషి ఒక్కరైనా ఉంటే, నువ్వు ఎలా కనబడుతున్నావన్న బెంగకు తీరిక చిక్కదు. అలాంటి మనిషి లేనప్పుడే మిగిలిన పొద్దంతా మనసు తన చుట్టూ తానే తిరుగుతుంది. దాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారాలు చాలా ఉన్నాయి, వాటి గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

పోయిన వేసవిలో మీ ఇంట్లో ఉన్నప్పుడు సాయంత్రం పూట కిటికీ దగ్గర కూర్చుని మీ వీధిని చూసేవాణ్ని. కారు వస్తుంది. వీధి చివర టపా డబ్బాల దగ్గర ఆగుతుంది, అద్దం దిగుతుంది, ఒక చెయ్యి బయటికి వచ్చి ఉత్తరాలు తీసుకుంటుంది. కారు ఇంటి ముందుకు రాగానే గ్యారేజీ తలుపు దానంతటదే పైకి లేస్తుంది, లోపలికి వెళ్లగానే దిగిపోతుంది. ఆ మనిషి కాలు వీధిలో పడలేదు. పాత అమెరికా ఇళ్లకు ముందు వైపు వసారా ఉండేదట, సాయంత్రం అక్కడే కూర్చునేవారట. తర్వాత కట్టిన శివారు ఇళ్లలో ముందుకు గ్యారేజీ వచ్చింది, కూర్చునే చోటు పెరట్లోకి పోయింది. అక్కడివాళ్లు మంచివాళ్లు తల్లీ. నేను నడుస్తుంటే ప్రతివాళ్లూ చెయ్యి ఊపారు. మీ ఊరి గ్రంథాలయంలో పెద్దవాళ్లు జీతం లేకుండా పిల్లలకు చదువు చెబుతుంటే చూసి నా మనసు నిండిపోయింది. ఆ మంచితనానికి ఆ వీధిలో నిలబడే చోటు లేదు, అంతే.

ఒక్కాయన మాత్రం నిలబెట్టుకున్నాడు. మీ పక్కింటాయన. అరుగు లేని ఇంట్లో గ్యారేజీనే అరుగు చేసుకుని, తలుపు పైకెత్తి, మడత కుర్చీ వేసుకుని, రేడియోలో బేస్‌బాల్ వ్యాఖ్యానం వింటూ వీధి వైపు చూస్తూ కూర్చుంటాడు. మొదట్లో నేను చెయ్యెత్తితే టోపీ తీసేవాడు. తర్వాత రెండో కుర్చీ వేశాడు. కొడుకు ఆరిగాన్‌లో, కూతురు టెక్సాస్‌లో. భార్య పోయి చాలా కాలమైంది. నువ్వు షికాగోలో, మేము ఒంగోలులో. ఆయన ఇంటికీ మన ఇంటికీ పెద్ద తేడా లేదు. కాకపోతే నేను పొద్దున ఏడు దాటినా గేటు తియ్యకపోతే పాలు పోసే అతను పిలుస్తాడు, పలకకపోతే ఎదురింటివాళ్లను లేపుతాడు. ఎన్నాళ్లు ఇలా ఉంటుందో చెప్పలేను. ఇక్కడా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, పాల ప్యాకెట్లు తలుపుకు తగిలించిన సంచీలో వేలాడుతున్నాయి, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు తాళం వేసిన తలుపు వెనక టీవీ చూస్తున్నారు.

నీ స్వేచ్ఛను వదులుకోమని నేను అడగడం లేదు. నిన్ను కాపలా కాసిన వీధి వేరు, మనిషి పడిపోతే పట్టుకునే వీధి వేరు. మనవాళ్లు ఆ రెంటినీ విడదీయడం నేర్చుకోలేదు. పాశ్చాత్యులు మొదటిదాన్ని వదిలించుకునే పనిలో రెండోదాన్నీ పోగొట్టుకున్నారు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చునని షికాగోయే చూపించింది. 1999లో మళ్లీ అలాంటి ఎండలు వచ్చినప్పుడు నగరపాలకులు ఒంటరి వృద్ధులకు ఫోన్లు చేయించారు, ఇంటింటికీ మనుషులను పంపారు. ఆ సారి పోయినవాళ్లు 110 మంది. అదీ తక్కువేం కాదు, కానీ 739 కాలేదు.

నీకు నేను అప్పగించే పని చిన్నది. ఈ జూలైలో ఎండలు ముదిరేలోపు మీ పక్కింటాయన దగ్గరికి వెళ్లి మీ ఇద్దరి ఫోన్ నంబర్లు ఇచ్చి రా. ఆయన పిల్లల నంబర్లు తీసుకో. గ్యారేజీ తలుపు రెండు రోజులు లేవకపోతే వెళ్లి కాలింగ్ బెల్ కొట్టు. ఆయన పేరు నేను అడిగి తెలుసుకున్నాను, ఈ ఉత్తరంలో మాత్రం రాయడం లేదు. నువ్వే అడిగి, వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు చెప్పు.

అమ్మ నీకు వేరే రాస్తుంది. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న