పీసీఓఎస్‌కు చైనా వైద్యం: ఆ ఫలితాలు కూడా రాయండి

సంపాదకుల వారికి,

పీసీఓఎస్‌కు, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాక నెలసరి గతి తప్పే సమస్యకు, చైనా సంప్రదాయ వైద్యం గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సూదులతో, కషాయాలతో నెలసరి దారికొస్తుందని, పిల్లలు పుడతారని, సైడ్ ఎఫెక్ట్స్ అసలుండవని అంత ధీమాగా రాసిన మీరు, ఈ వైద్యాన్ని అందరికంటే గట్టిగా పరీక్షించింది చైనాలో దాన్ని నేర్పేవాళ్లేనన్న సంగతి ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు.

హార్బిన్‌లోని సంప్రదాయ వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు ముందుండి, పీసీఓఎస్ ఉన్న 1000 మంది చైనా మహిళల మీద ఆక్యుపంక్చర్‌ను పరీక్షించారు. కొందరికి అసలు పద్ధతిలో సూదులు వేశారు, మిగతావాళ్లకు సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చి వదిలేశారు. ఈ రెండు వైపులా సగం మందికి అండం విడుదలయ్యేందుకు ఇచ్చే క్లోమిఫీన్, సగం మందికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. బిడ్డను కన్నవాళ్లు అసలు సూదుల వైపు 21.8 శాతం, ఉత్తుత్తి సూదుల వైపు 22.4 శాతం. అంటే తేడా లేదు. క్లోమిఫీన్ వాడినవాళ్లలో 28.7 శాతం, వాడనివాళ్లలో 15.4 శాతం. తాము నమ్మిన వైద్యం తేలిపోయినా ఉన్నదున్నట్టు అచ్చు వేయించారు చూడండి, ఆ నిజాయితీకే నా మటుకు నేను దండం పెడతాను.

మూలికల సంగతికొస్తే, హువాంగ్‌లియన్ అనే చేదు వేరులో ఉండే బెర్బెరిన్‌ను కూడా చైనాలోనే, అండం విడుదలకే ఇచ్చే లెట్రోజోల్ మాత్రతో పోల్చారు. లెట్రోజోల్‌తో 36 శాతం మందికి పిల్లలు పుట్టారు, బెర్బెరిన్‌తో 22 శాతం మందికి, రెండూ కలిపి ఇస్తే 34 శాతం మందికి. కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందన్న ఆశ కూడా నిలవలేదన్నమాట.

ఆ వైద్యంలో పసే లేదని నేననను. బాగా లావుగా ఉన్న ఆడవాళ్లలో కఫం పేరుకుని గర్భసంచికి అడ్డుపడటం వల్ల పిల్లలు కలగరని చైనాను యువాన్ రాజవంశం ఏలిన పద్నాలుగో శతాబ్దంలోనే జు దాన్‌షీ అనే వైద్యుడు చెప్పాడు. బరువుకీ, నెలసరికీ, సంతానానికీ లంకె ఉందని అన్ని వందల ఏళ్ల కిందటే గమనించాడంటే చూపు గొప్పదే. ఇప్పటికీ అక్కడి వైద్యులు నాలుక చూసి, నాడి పట్టి, కఫమా, కిడ్నీ బలహీనతా, రక్తం స్తంభించిందా అని తేల్చుకుని ఒక్కొక్కరికి ఒక్కో కషాయం రాస్తారు. కానీ రోగాన్ని బాగా గమనించినంత మాత్రాన దానికిచ్చే మందు పనిచేస్తుందని గ్యారంటీ ఏముంది?

సైడ్ ఎఫెక్ట్స్ లేవన్న మాట మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి. ఈ కషాయాల్లో తరచుగా కలిపే అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికల మాత్రలు మింగిన మహిళలకు పదుల సంఖ్యలో కిడ్నీలు పాడయ్యాయి, ఒక మూలికకు బదులు అరిస్టలోకియా అనే ఇంకో మొక్క కలిసిపోవడం వల్ల. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి బరువు తగ్గాలన్న టెన్షన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇలాంటి వాటికి ముందు చిక్కేది తనే.

ఇంకోటి. నెలల తరబడి పీరియడ్స్ రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, పట్టించుకోకుండా వదిలేస్తే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మీ వ్యాసం చదివి ఎవరైనా గైనకాలజిస్ట్ ఇచ్చిన మాత్రలు ఆపేసి సూదుల మీదే కూర్చుంటే పోయేది వాళ్ల సమయమొక్కటే కాదు. డాక్టరుకు చెప్పి, మందులు మానకుండా, మనసు కుదుటపడుతుందని సూదులు వేయించుకుంటే అది వాళ్లిష్టం, నాకేం అభ్యంతరం లేదు.

వ్యాసం ఇచ్చినంత చోటులోనే పై రెండు పరీక్షల ఫలితాలు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు