సర్వర్ డేటాబేస్ మాటిమాటికీ పాడైతుంటే ఆదుకున్న అన్నకి చానా థాంక్స్

మాది కర్నూల్లో మందుల హోల్‌సేల్, బిల్లింగు, స్టాకు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ డేట్లు అన్నీ ఒకే సర్వర్లో ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. ఎండాకాలం మొదలైనప్పట్నుంచి అది ఊరికూరికే కరప్ట్ అయ్యేది, బిల్లు కొడతా ఉంటే 824 ఎర్రర్ (డిస్కు నుంచి చదివిన డేటా చెడిపోయిందని చెప్పేది) వచ్చి ఆగిపోయేది, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తే రిపేర్ నడిపి పోతారు, కొన్నాళ్లకి మళ్ళీ అదే.

అన్నా, మీరు వచ్చీ రాంగానే "ముందు ఆ రిపేర్ ఆపండప్పా" అన్నారు. వాళ్లు నడిపేది రిపేర్ అలౌ డేటా లాస్ అంట, అది పాడైన 8 కేబీ పేజీని (డేటాబేస్ డేటాని దాచే ముక్కని) పీకేసి డేటాబేస్‌ని లేపుతుంది, ఆ పేజీలో ఉన్న బిల్లు లైన్లు కూడా దాంతోపాటే పోతాయి. నెలాఖర్లో స్టాకు ఎందుకు కలవట్లేదో మాకు అప్పుడు తెలిసింది, అంతవరకూ గోడౌన్ పిల్లోళ్లని అనవసరంగా అనుమానించినాం, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత మీరు పాడైన పేజీల చిట్టా ఉండే సస్పెక్ట్ పేజెస్ టేబుల్లో టైములు చూసి "కరెంటు పోయి సర్వర్ ఆగిన రోజులు చెప్పండి" అన్నారు, రెండూ కలిసినాయి. డిస్కులని నడిపే రెయిడ్ కార్డులో, కరెంటు పోయినా దాని మెమరీలోని డేటాని కాపాడే బ్యాటరీ చచ్చిపోయి ఉంది, అయినా స్పీడు కోసం రైట్ బ్యాక్ (ముందు కార్డు మెమరీలో రాసి తర్వాత డిస్కుకి పంపేది) బలవంతంగా ఆన్ చేసి పెట్టినారు ఎవరో. డేటా డిస్కులోకి పోయిందని సర్వర్ అనుకుంటుంది, అది ఇంకా కార్డు మెమరీలోనే ఉంటుంది, యూపీఎస్ చేతులెత్తేస్తే అంతే సంగతులు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా రైట్ త్రూలో (డిస్కులోకి పోయినాకే రాసినట్టు చెప్పేది) పెట్టినారు, కొంచెం స్లో అయింది కానీ నిమ్మళంగా ఉన్నాం. పేజీ పాడైందో లేదో చూసే పేజ్ వెరిఫై సెట్టింగు కూడా, సగం రాసిన పేజీలనే పట్టే పాత టార్న్ పేజ్ మీదే ఉండిపోయింటే పేజీ మొత్తం లెక్క చూసే చెక్‌సమ్‌కి మార్చినారు, 2005 వెర్షన్ నుంచే ఉన్న సౌకర్యం అది, ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదు.

అన్నిటికంటే పెద్ద మేలు, పాత మంచి బ్యాకప్‌ని వేరే పేరుతో రీస్టోర్ చేసి పోయిన లైన్లని ఏరి తెచ్చి కలిపినారు. దాంట్లో లేనివి మా బిల్లింగ్ అక్క దాచిపెట్టిన బిల్లు కాపీలు చూసి మళ్ళీ ఎక్కించింది, అక్కా నీకూ దండం.

ఆ తర్వాత కూడా కరెంటు పోయింది, సర్వర్ ఆగింది, డేటాబేస్ అంతా తనిఖీ చేసే చెక్‌డీబీ నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. మన కర్నూల్లో ఎవరికైనా ఇట్లే అవుతుంటే మా షాపుకి రండి, సెట్టింగులన్నీ చూపిస్తా.