మనింటి వైఫై కొత్త ల్యాప్‌టాప్‌లో కనపడకపోవడం గురించి

చెల్లీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినవీ, తర్వాత పంపిన ఫొటోలూ అన్నీ కూర్చుని చూశాను. నేను అమెరికా నుంచి పంపిన ల్యాప్‌టాప్ బాగానే ఉంది, ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె, ఆ రౌటరూ బాగానే ఉంది. ముందు ఈ మాట అమ్మకి చెప్పు, "అంత డబ్బెట్టి కొన్నది దార్లోనే పాడైపోనాదేటి" అని నిన్నంతా ఒకటే బెంగ. షాపతను రౌటర్ పాతదైపోయింది, కొత్త ల్యాప్‌టాప్‌కి పడదు, తీసేసి కొత్తది పెట్టుకోమన్నాడట, నాన్న రేపే వెళ్లి తెచ్చేస్తానంటున్నారు. ఇప్పుడే కొననివ్వకు. కొత్తది తెచ్చినా ఇదే సెట్టింగ్ పడితే మళ్లీ ఇదే కథ. ఫోన్లో చెప్తే సగం మాటలు తెగిపోతున్నాయి కాబట్టి మొత్తం రాసి పంపుతున్నాను, రౌటర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చదువుకుంటూ చెయ్యి.

నువ్వు చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చినవి రెండు. నాన్న ఫోన్లో హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్ వెంటనే పట్టుకుంది, పక్కింటివాళ్ల వైఫై పేర్లు కూడా వస్తున్నాయి, అంటే దాని వైఫై కార్డుకి ఏ రోగమూ లేదు. మనింటి వైఫై మీ అందరి ఫోన్లలో నిండుగా వస్తోంది, అంటే రౌటర్‌కీ ఏమీ కాలేదు. ఆ ల్యాప్‌టాప్‌కి ఆ రౌటర్ ఒక్కటే కనపడట్లేదు. అందుకే చుట్టుపక్కల వైఫైలు ఏ ఛానెల్ మీద ఉన్నాయో చూపించే వైఫై ఎనలైజర్ యాప్ నీ ఫోన్లో వేసి స్క్రీన్‌షాట్ పంపమన్నాను. అందులో మనింటి పేరు ఎదురుగా ఛానెల్ 13 అని ఉంది చూశావా, మొత్తం తంటా అదే.

మనింటి రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒక్కదాని మీదే పనిచేస్తుంది. ఆ బ్యాండ్‌ని, అంటే ఆ రేడియో తరంగాల పట్టీని, ఛానెళ్లుగా విడగొట్టారు. ఇండియాలో 1 నుంచి 13 దాకా వాడుకోవచ్చు, ఇక్కడ అమెరికాలో మామూలుగా 1 నుంచి 11 వరకే వాడతారు. ఇక్కడి అమ్మకం కోసం తయారైన ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో వైఫై కార్డు ఆ 11 దగ్గరే ఆగిపోతుంది, 12, 13 మీద ఎవరున్నారో వెతకనే వెతకదు. రేడియో ముల్లు ఆ చివరిదాకా తిరగకపోతే అక్కడున్న స్టేషన్ వినపడదు కదా, అలాగన్నమాట. మీ ఫోన్లు శ్రీకాకుళంలో కొన్నవి కాబట్టి వాటికి 13 మామూలే. పాత వైఫై కొత్త ల్యాప్‌టాప్‌కి పడదని షాపతను చెప్పింది మాత్రం నిజం కాదు. కొత్త వైఫై కార్డులు పాత పద్ధతులన్నిటితోనూ మాట్లాడగలిగేలాగే చేస్తారు. మన రౌటర్ తిత్లీ తుపాను వచ్చిన ఏడాది, 2018లో కొన్నది, అందులో ఉన్న 'ఎన్' అనే వైఫై పద్ధతి 2009లో ఖాయమైంది. నీ ల్యాప్‌టాప్ దానికి తగ్గట్టు తనే సర్దుకుంటుంది.

మరి 13 మీదకి ఎలా వెళ్లిందంటావా, ఛానెల్ 'ఆటో'లో ఉంటే రౌటర్ ఆన్ అయినప్పుడల్లా ఎక్కడ ఖాళీ ఉందో చూసుకుని అక్కడ కూర్చుంటుంది. మన వీధిలో అందరూ 1, 6, 11 మీదే ఉన్నారు, చివర్లో ఖాళీ కనపడింది. ఆటోలో వదిలేస్తే ఒకరోజు దొరికి, కరెంటు పోయి వచ్చాక మళ్లీ మాయమైపోవచ్చు. మనూళ్లో కరెంటు సంగతి తెలిసిందే. అందుకని చేత్తో ఒక నంబరు పెట్టేయాలి.

ఏదైనా ముట్టుకునే ముందు ఒక్క మాట. రౌటర్ వెనకాల చిన్న కన్నం ఉంటుంది, రీసెట్ అని రాసి ఉంటుంది. పిన్నీసుతో అది నొక్కితే అన్నీ సరైపోతాయని ఎవరైనా చెప్తారు, దయచేసి నొక్కకు, నాన్ననీ నొక్కనివ్వకు. అది నొక్కితే వైఫై పాస్‌వర్డ్‌తో పాటు లోపల దాచి ఉన్న బ్రాడ్‌బ్యాండ్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. అవి మనింట్లో ఎక్కడా రాసి లేవు. అప్పుడు లైన్ చూసే అబ్బాయి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు, వారం మధ్యలో అతను దొరకడం ఎంత కష్టమో నీకే తెలుసు, నీ క్లాసులన్నీ పోతాయి.

ఇక పని. ల్యాప్‌టాప్ మరీ పల్చనిది కాబట్టి దానికి లాన్ కేబుల్ గుచ్చే చోటు లేదు, నీ ఫోన్ నుంచే చేద్దాం. ఫోన్‌ని మనింటి వైఫైకి కలిపి మొబైల్ డేటా ఆపేయి, లేకపోతే ఒక్కోసారి అది డేటా మీదకి వెళ్లిపోయి పేజీ తెరుచుకోదు. రౌటర్‌ని తిరగేస్తే అడుగున స్టిక్కర్ ఉంటుంది, దాని మీద 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటుంది, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అక్కడే. దుమ్ము పట్టి అక్షరాలు కనపడకపోతే తడిగుడ్డ పెట్టకు, పొడిగుడ్డతో మెల్లగా తుడువు, ఆ అచ్చు తొందరగా పోతుంది. ఆ నంబరు బ్రౌజర్‌లో పైన కొట్టి లోపలికి వెళ్లు. వెళ్లగానే ఏదీ మార్చకుండా ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసుకో, ముఖ్యంగా వాన్ అనో ఇంటర్నెట్ అనో ఉన్న పేజీ, బ్రాడ్‌బ్యాండ్ యూజర్‌నేమ్ అక్కడ ఉంటుంది. ఆ పేజీలో ఏమీ మార్చొద్దు.

తర్వాత వైర్‌లెస్ అన్న పేజీ తెరువు. ఛానెల్ దగ్గర ఆటో తీసేసి 6 పెట్టు. 6 ఎందుకంటే, నీ స్క్రీన్‌షాట్‌లో 1 మీదా 11 మీదా చాలా ఇళ్లు ఉన్నాయి, 6 మీద సన్నటి సిగ్నల్ ఒకటే ఉంది. ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, సిగ్నల్ మాత్రం 20 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది, అందుకే ఖాళీగా ఉంది కదాని 3 మీదో 8 మీదో పెడితే రెండు పక్కలవాళ్లతోనూ గొడవే. ఛానెల్ విడ్త్ అని ఉన్నచోట 20 పెట్టు. 40 పెడితే వేగం పెరుగుతుందంటారు గానీ అన్ని ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మన వీధిలో అది ఇంకా చెడగొడుతుంది. సేవ్ చెయ్యి. ఫోన్లకి ఒక నిమిషం వైఫై పోయి వస్తుంది, కంగారు పడకు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి ఆన్ చేస్తే మనింటి పేరు రావాలి.

పేరు వచ్చి కనెక్ట్ అయిపోయినా అక్కడితో ఆపేయకు, ఇంకొకటి ఉంది. నువ్వు పంపిన రెండో ఫొటోలో సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ, దాని కింద టీకేఐపీ అని ఉంది. డబ్ల్యూపీఏ అంటే వైఫైకి వేసే తాళం, టీకేఐపీ అంటే అందులో మాటల్ని రహస్యంగా మార్చే పద్ధతి. అది 2003లో తెచ్చిన తాత్కాలిక ఏర్పాటు. అంతకుముందున్న వెప్ అనే తాళాన్ని 2001 నాటికే బద్దలుకొట్టేశారు, పాత పరికరాలు పారేయకుండా గండం గట్టెక్కడానికి ఇది తెచ్చారు. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాక దీని అవసరం తీరిపోయింది. టీకేఐపీ ఉన్నంతకాలం ఎన్ వేగం రాదు, సెకనుకి 54 మెగాబిట్ల దగ్గర కట్టేసినట్టు ఉంటుంది. పైగా విండోస్ ఈ నెట్‌వర్క్ సురక్షితం కాదని హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక నిజమే. కాబట్టి అక్కడ డబ్ల్యూపీఏ2 పర్సనల్, కింద టీకేఐపీ బదులు ఇంకా గట్టిదైన ఏఈఎస్ ఎంచుకో. రెండూ కలిపిన మిక్స్‌డ్ అనే ఆప్షన్ ఉంటుంది, అది వద్దు. ఆ పాస్‌వర్డ్ వీధిలో సగం మందికి తెలుసు కాబట్టి పనిలో పనిగా అదీ మార్చేయి, కాస్త పొడుగ్గా పెట్టు, నాన్న డైరీలో రాసి ఉంచు. ఆ తర్వాత ప్రతి ఫోన్లోనూ పాత పేరు 'ఫర్గెట్' చేసి మళ్లీ కలుపుకోవాలి.

ఇన్ని చేసినా పేరు కనపడుతూ లోపలికి రానివ్వకపోతే మ్యాక్ ఫిల్టరింగ్ అన్న పేజీ చూడు. ఆన్‌లో ఉంటే ఆ జాబితాలో ఉన్న పరికరాలనే రానిస్తుంది. ఆపేయి, దానివల్ల పెద్ద రక్షణేమీ లేదు.

చార్జర్ సంగతి కూడా రాసేస్తున్నాను. ఇటుకలాంటి దాని మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని అచ్చు ఉంది, నేను చూసే పంపాను. కాబట్టి మన 230 వోల్టులకి ఏ ట్రాన్స్‌ఫార్మరూ అక్కర్లేదు. నువ్వు దానికి బజార్లో కొన్న ఆ వదులు కన్వర్టర్ పెట్టావు, ఫొటోలో పక్కకి వాలిపోయి ఉంది, అక్కడ నిప్పురవ్వలు వస్తాయని నాకు భయం. గోడ నుంచి ఇటుక దాకా వచ్చే వైరు ఊడి వస్తుంది, ఆ వైరొక్కటే మన మూడు పిన్నుల ప్లగ్‌తో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువుండదు. ఊడదీసిన వైరు చేత్తో పట్టుకెళ్లి ఇలాంటిదే కావాలని చూపించు, ఎర్త్ పిన్ను ఉన్నదే తీసుకో. నువ్వు రాత్రిళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని చదువుకుంటావు, అందుకని ఇది వాయిదా వేయకు.

ల్యాప్‌టాప్‌లో గడియారం ఇంకా ఇక్కడి టైమే చూపిస్తుంది. గంటలు చేత్తో తిప్పకు, టైమ్ జోన్ ఇండియాకి మార్చు. జోన్ వదిలేసి గంటలు మాత్రం దిద్దితే ఒక్కోసారి కొన్ని సైట్లు భద్రత లేదని మొండికేస్తాయి, అప్పుడు మళ్లీ వైఫైనే తిట్టుకుంటారు.

ఇంకొకటి, రౌటర్ని బీరువా మీద నుంచి తీయండి. ఇనుప బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటే సిగ్నల్ సగం అక్కడే చచ్చిపోతుంది. హాలు గుమ్మం పైన అటక అంచున పెడితే నీ గదికీ వంటింటికీ సమానంగా వస్తుంది. పిడుగులు పడేటప్పుడు కరెంటు ప్లగ్గూ, బయట నుంచి వచ్చే టెలిఫోన్ వైరూ రెండూ పీకేయాలని నాన్నకి గుర్తు చెయ్యి, ఒక్క ప్లగ్గే పీకితే లాభం లేదు.

కొత్త రౌటర్ ఎప్పటికీ వద్దని కాదు. మనదానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది, ఆ కారణంగా ఏదో ఒకరోజు మార్చాల్సిందే. సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే చూసి, 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నది తీసుకుంటాను. అప్పటిదాకా నీ ఆన్‌లైన్ క్లాసుకి సెకనుకి నాలుగు మెగాబిట్లు వస్తే చాలు, ఈ రౌటర్ అంతకంటే ఎంతో ఎక్కువ ఇస్తుంది. షాపులో పెట్టే డబ్బు నీ పరీక్ష ఫీజుకి కట్టమని నాన్నకి నేను చెప్పానని చెప్పు.

ఛానెల్ మార్చాక యాప్‌లో ఇంకోసారి చూసి స్క్రీన్‌షాట్ పంపు. ఎక్కడైనా ఆగిపోతే ఆ పేజీ ఫొటో తీసి అలాగే వదిలేయి, తోచింది నొక్కకు. ఇప్పుడు మీకు పొద్దున్న ఏడున్నర అయితే నాకు రాత్రి పది, ఆ టైముకి వీడియో కాల్ చెయ్యి, పక్కన ఉన్నట్టే చూసి చెప్తాను.

అప్ప